రాధారాణిగారి అటూ ఇటూ కాని ముక్కలు

అమెరికాలో తెలుగువాళ్ళు ఒకరినొకరు చూసి కూడా చూడనట్టు నటించే చోట్లు రెండున్నాయి. ఒకటి కొన్న సరుకు వాపసు ఇచ్చే కౌంటరు. రెండోది కాసినో. నేను రాధారాణిగారిని మొదటిసారి చూసింది రెండో చోట.

అరోరా నుంచి ఇరవై నిమిషాల డ్రైవ్, ఏటి ఒడ్డున ఉంటుంది ఆ కాసినో. బుధవారం పొద్దున పదిన్నరకి పేకాట గదిలో ఒక్క టేబుల్ మాత్రం నడుస్తోంది. చుట్టూ రిటైరైన తెల్లవాళ్ళు, వాళ్ళ మధ్య ముదురు నీలం చలికోటు వేసుకుని, నుదుట చిన్న ఎర్రబొట్టుతో ఒకావిడ. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆవిడ నన్ను చూశారు, నేను ఆవిడను చూశాను, వెంటనే ఇద్దరం ఫోన్లు చూసుకున్నాం. నలభై నిమిషాలు అలా గడిచాయి. చివరికి ముక్కలు కలుపుతున్న సందులో ఆవిడే, తల తిప్పకుండా, "ఏ ఊరు బాబూ?" అన్నారు.

"గుంటూరండీ. వేణుమాధవ్" అన్నాను, పరీక్షలో పట్టుబడ్డవాడిలా.

"నాది తాడేపల్లిగూడెం. ముక్కలు పంచాక మాట్లాడకు, ఇక్కడ ఇంగ్లీషు తప్ప ఇంకో భాష పనికిరాదు."

అది నిజం. చేతిలో ముక్కలుండగా టేబుల్ మీద ఇంగ్లీషే మాట్లాడాలి. లేకపోతే ఇద్దరు కూడబలుక్కుని మూడోవాణ్ణి ముంచుతారని ఆ నియమం. ముక్కలు పంచే మరిసోల్ అనే అమ్మాయి తనే ఇంట్లో స్పానిష్ మాట్లాడుతుంది, అయినా ఈ విషయంలో చండశాసనురాలు.

నాది రాత్రిపూట సపోర్ట్ ఉద్యోగం. పగలు నిద్ర పట్టదు. నిద్ర పట్టని మగవాడికి ఈ ఊళ్ళో జిమ్మో గుడో కాసినోయో గతి. మొదటి రెండింటికీ క్రమశిక్షణ కావాలి.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో అందరికీ కలిపి అయిదు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. ప్రతి విడతకీ పందెం. మొత్తం ఏడింటిలో మంచి అయిదు ఎవరికి కుదిరితే డబ్బు వాళ్ళది. మాది అన్నిటికన్నా చిన్న టేబుల్, ఒకటీ రెండు డాలర్లతో మొదలయ్యే ఆట, యాభై పెట్టినా కూర్చోవచ్చు. కానీ హద్దు లేని ఆట. బుద్ధి పుట్టినప్పుడు ముందున్నదంతా మధ్యకి తోసెయ్యవచ్చు.

రెండు ఆసులు వస్తే ఎలా ఆడాలో చెప్పడానికి గురువు అక్కర్లేదు. రెండూ మూడూ వస్తే పారెయ్యడానికీ అక్కర్లేదు. ప్రాణం తీసేవి ఆ మధ్యవి. ఇస్పేటులో ఏడూ ఎనిమిదీ, ఆసుతో పాటు ఒక నాలుగు, ఏదో చిన్న జత. పారేద్దామంటే మనసొప్పదు, ఆడదామంటే ధైర్యం చాలదు. వీటిని ఎప్పుడు ఆడాలి, ఎప్పుడు వద్దు అనేదానికి నా దగ్గర రంగురంగుల చార్టు ఒకటి ఉండేది, ఆఫీసు ప్రింటర్ మీద తీసి లామినేట్ చేసింది. దాని ప్రకారం ఆడి ప్రతి నెలా క్రమం తప్పకుండా ఓడిపోయేవాణ్ణి.

రాధారాణిగారికి చార్టు లేదు. నేను గమనించడం మొదలుపెట్టాను, ఊరికే ఉండలేని బుద్ధి నాది. ఒక పూట డెబ్భై సార్లు ముక్కలు పంచితే ఆవిడ ఆడింది తొమ్మిది సార్లు. వాటిలో అయిదు, చూపించినప్పుడు తెలిసింది, ఈ అటూ ఇటూ కాని బాపతే. అదే ముక్కలు ఒకసారి పట్టుకుని కూర్చునేవారు, పది నిమిషాల తర్వాత మళ్ళీ వస్తే చూడకుండా పారేసేవారు. ఏమిటి లెక్క? అడిగితే "బుద్ధి పుట్టింది, ఆడాను" అన్నారు. ఎంత చిరాకేసిందో చెప్పలేను. వంట బాగుందంటే "ఏముంది, ఉప్పూ కారం" అంటారే, ఆ రకం జవాబు.

మూడో వారం మధ్యాహ్నం పార్కింగ్‌లో ఆవిడ కారులోంచి చెయ్యి ఊపి పిలిచారు. లోపల స్టీలు డబ్బాలో దద్దోజనం. టేబుల్ దగ్గర తినకూడదు, లోపల సాండ్‌విచ్ పదిహేడు డాలర్లు. ఆ ధర పెట్టి రొట్టె తింటే పాపం చుట్టుకుంటుందని ఆవిడ నమ్మకం. నాకు మూత నిండా పెట్టి, మాగాయ ముక్క వేసి, అప్పుడు చెప్పారు.

గూడెంలో కోడలిగా అడుగుపెట్టిన మూడో రోజునే అత్తగారు చాప పరిచి పక్కన కూర్చోబెట్టుకుందట. పదమూడు ముక్కల రమ్మీ. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురు ఆడవాళ్ళు, చింతపిక్కల పందెం. "పప్పులో ఉప్పెక్కువైతే మా అత్తగారు పల్లెత్తు మాట అనేది కాదు. ముక్క తప్పు వేస్తే మాత్రం మూడు రోజులు మాట్లాడేది కాదు" అన్నారు.

ఇరవై రెండేళ్ళ కిందట భర్త జగదీష్‌గారితో ఇక్కడికి వచ్చారు. ఆయన మందుల గోడౌన్‌లో సెకండ్ షిఫ్ట్. ఈవిడ ముందు బడిలో భోజనాల హాలు తుడిచారు, తర్వాత స్కూలు బస్సు నడపడం నేర్చుకున్నారు. లైసెన్సు పరీక్షలో బస్సు వెనక్కి నడపలేక రెండుసార్లు తప్పారు. మూడోసారి పాసయ్యారు. పదహారేళ్ళుగా అదే పని. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లల్ని దింపడం, మళ్ళీ రెండింటికి ఎక్కించుకోవడం. మధ్యలో అయిదు గంటలు జీతం లేని ఖాళీ.

"ఒకసారి తోటి డ్రైవర్లు బఫే తిందామని ఇక్కడికి తీసుకొచ్చారు. వాళ్ళు తింటుంటే నేను ఈ టేబుల్ దగ్గర నిలబడిపోయాను. ఒకాయన ముక్కలు చూసి పారేశాడు. ఏమీ కట్టలేదు. నా కళ్ళు నేను నమ్మలేదు వేణూ."

నాకు అర్థం కాలేదు.

"రమ్మీలో ముక్కలు చూసి మొదటే డ్రాప్ అయితే ఎంత?"

"ఇరవై పాయింట్లు."

"కాస్త ఆడి మధ్యలో డ్రాప్ అయితే?"

"నలభై."

"అవతలివాడు షో కొట్టేదాకా కూర్చుంటే ఎనభై దాకా పోతుంది. ఇక్కడ చాలాసార్లు మొదటి డ్రాప్ ఫ్రీ. మనవాళ్ళు ఫ్రీగా ఇస్తే కెచప్ పొట్లాలు కూడా వదలరు కదా, ఇది మాత్రం తీసుకోరు. నువ్వు చూడు, పది డాలర్లు కట్టి లోపలికొస్తావు, మూడు ముక్కలు తెరిచాక నచ్చక పారేస్తావు. రోజంతా నలభైలు కడుతూనే ఉంటావు. నిన్ను చంపేది ఆ మధ్య డ్రాపే."

ఆ మాట విని నేను దద్దోజనం నమలడం ఆపేశాను. నా లామినేషన్ చార్టు మొత్తంలో నాకు అర్థం కానిది ఈవిడ మాగాయ టెంక చప్పరిస్తూ చెప్పేశారు.

"మరి మీరెందుకు ఆడతారు ఆ ఏడూ ఎనిమిదీ?"

"మూడూ కుదిరితే ఆడతాను. ఆఖరి మాట నాదై ఉండాలి, అందరూ ఏం చేశారో చూశాకే నా వంతు రావాలి. చవగ్గా రావాలి. మూడోది, ఎదుటివాడు డ్రాప్ అవడానికి సిగ్గుపడేవాడై ఉండాలి. పరువు మనిషి. నా ముక్క కలిస్తే వాడే తెచ్చి ఇస్తాడు, నా దగ్గర అది ఉంటుందని అనుకోడు కాబట్టి." చెయ్యి తుడుచుకుంటూ, "నువ్వు సిగ్గుపడతావు" అన్నారు. కోపం తెచ్చుకోవాలో వద్దో తెలియలేదు.

అప్పుడే ఒట్టు సంగతీ చెప్పారు. ఆవిడ కూతురు ఆద్య ఇక్కడే పెరిగింది, షికాగోలో నర్సు. నాలుగేళ్ళ కిందట కారులో ఇన్సూరెన్స్ కాగితం వెతుకుతుంటే కాసినో కార్డు దొరికింది. ఆద్య స్కూలు స్నేహితురాలి తండ్రి ఇలాంటి చోటే ఇల్లు పోగొట్టుకున్నాడు. పిల్ల భోరున ఏడ్చింది. రాధారాణిగారు కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. ఒక రెండు వందలు, అంతే. అవి పోయిన రోజు మళ్ళీ ఆ గుమ్మం తొక్కను.

ఆ రెండు వందలు నాలుగేళ్ళుగా బతికే ఉన్నాయి. ఒక చలికాలం అరవై దగ్గరికి దిగి, పైకి రావడానికి రెండు నెలలు పట్టిందట. రెండు వందలు దాటిన ప్రతి డాలరూ ఆ నెలాఖరుకి ఏదో ఒక వస్తువు అయిపోతుంది. వాళ్ళింట్లో వెట్ గ్రైండర్ ఒక పెద్దాయన మూడు పదులని ఓడించి కొన్నది. జగదీష్‌గారి మంచు బూట్లు నా దగ్గర గెలిచిన డబ్బువి. ఆ సంగతి ఆయనకి నా ముందే చెప్పి నవ్వారు.

"ఇంత భయం పెట్టుకుని ఎందుకాంటీ, మానేయొచ్చు కదా?" అన్నాను.

"బస్సులో యాభై మంది పిల్లలు, మిస్ రాధా అంటారు. ఇంట్లో అమ్మని. గుడికెళ్తే ఆంటీని, ప్రసాదం గిన్నె చేతికిస్తారు. ఇక్కడ ఒక్కచోటే నన్ను చూసి జాగ్రత్తపడతారు. బాగుంటుంది" అన్నారు.

ఆ మాట నేను సరిగ్గా విన్నానని అనుకున్నాను.

నడుమ ఒక శుక్రవారం ఈషాన్ అనే కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. కాలేజీ సెలవుల్లో ఉన్నాడు. ఆవిడ బొట్టు చూసి, "నమస్తే ఆంటీ" అన్నాడు. ఆపైన ఆవిడతో తలపడ్డ ప్రతిసారీ పందెం వెయ్యకుండా ఊరుకున్నాడు. మంచి జత పెట్టుకుని కూడా. అడిగితే, ముక్కలు కలిపే సందులో, "ఆంటీ మీద బెట్ వేస్తే మా అమ్మ చంపేస్తాది" అన్నాడు, ఇక్కడ పుట్టిన పిల్లల వంకర తెలుగులో.

రాధారాణిగారి మొహం ఎర్రబడింది. "నాయనా, ఆంటీ అను, కాళ్ళకి దండం పెట్టు, నాకేం అభ్యంతరం లేదు. పందెం మాత్రం వెయ్యి. నువ్వు వెయ్యకపోతే నేనెక్కడున్నానో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. వాడు బిక్కచచ్చిపోయి ఇంకో టేబుల్ తెరిచినప్పుడు అక్కడికి మారిపోయాడు. కుర్రకుంక, మర్యాద ఎక్కడ చూపించాలో తెలియదు, అని నాలో నేను నవ్వుకున్నాను. ఆ నవ్వుకి మూల్యం తర్వాత చెల్లించాను.

ఈ మార్చిలో ఒక బుధవారం. ఒంటిగంట కావస్తోంది. ఆవిడ ఒంటిగంటా పావుకి లేస్తారు, బస్సు డిపోకి వెళ్ళాలి. ఆవిడ ముందు సరిగ్గా రెండు వందలు. నాకు రెండు తొమ్మిదులు వచ్చాయి. పది డాలర్లు వేశాను. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన కట్టాడు, ఇంకొకతను కట్టాడు. ఆఖరి మాట రాధారాణిగారిది. ఆవిడా పది పెట్టారు.

మరిసోల్ మూడు ముక్కలు తెరిచింది. డైమను తొమ్మిది, ఇస్పేటు ఆరు, కళావరు అయిదు. నాకు మూడు తొమ్మిదులు. పాతిక వేశాను. మిగతా ఇద్దరూ పారేశారు. ఆవిడ కట్టారు. నాలుగో ముక్క ఆఠీను రాజు, ఎవరికీ పనికొచ్చేది కాదు.

ఆవిడ ముందు నూట అరవై అయిదు మిగిలాయి. నేను ఏం చేశానో నిజం చెప్తాను. ఆ నూట అరవై అయిదూ కట్టాల్సి వచ్చేంత పందెం వేశాను. ఇంత పెద్ద మొత్తం చూస్తే ఆవిడ పారేస్తారు, ఒట్టుకి దెబ్బ తగలదు, నాకు మధ్యలో ఉన్నది దక్కుతుంది అనుకున్నాను. దయ చూపించి లాభం కూడా తీసుకుందామనుకున్నాను.

ఆవిడ పారేయలేదు. ఆగారు. ఇక్కడ చట్టం ప్రకారం స్కూలు బస్సుని రైలు పట్టాల ముందు ఆపి, తలుపు తెరిచి, చెవిపెట్టి విని, అప్పుడు కదలాలి, రైలు లేదని కళ్ళకి కనిపిస్తున్నా సరే. పదహారేళ్ళ అలవాటు. ముక్కలు ఎలాంటివైనా, రెండు డాలర్లకైనా ఆవిడ అంతసేపే ఆగుతారని రెండేళ్ళుగా చూస్తున్నవాణ్ణి నేను. ఆ క్షణంలో మర్చిపోయాను. నాకు కనిపించింది చిప్స్ అనే పందెం బిళ్ళల మీద చెయ్యి పెట్టిన ఒక పెద్దావిడ, ఎక్కడో షికాగోలో ఒక పిల్ల తల, దాని మీద ఒట్టు.

"ఆంటీ, వద్దు. పారేయండి. నా దగ్గర మూడు తొమ్మిదులున్నాయి" అన్నాను. తెలుగులో.

"ఇంగ్లీష్ ఓన్లీ, సర్" అంది మరిసోల్. టోపీ పెద్దాయన కుర్చీ వెనక్కి నెట్టి, వాడేమన్నాడు, వాడేమన్నాడు అని మొదలుపెట్టాడు. సూపర్‌వైజర్ వచ్చాడు. రాధారాణిగారే నెమ్మదిగా చెప్పారు, బడి ప్రిన్సిపాల్‌కి చెప్పినట్టు. "హీ టోల్డ్ మీ టు ఫోల్డ్. హీ సెడ్ త్రీ నైన్స్. ఐ డిడ్ నాట్ ఆస్క్ హిమ్."

సూపర్‌వైజర్ నాకు హెచ్చరిక ఇచ్చాడు, ఇంకోసారి జరిగితే గదిలోకే రానివ్వనన్నాడు. ఆట ఉన్నచోటి నుంచి సాగాలి, నిర్ణయం ఆవిడది అన్నాడు.

రాధారాణిగారు చిప్స్ మొత్తం మధ్యకి జరిపి, తన రెండు ముక్కలూ తిప్పి చూపించారు. ఇస్పేటు ఏడు, ఇస్పేటు ఎనిమిది.

అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, అయిదూ వరస. ఆ టేబుల్ మీద అప్పటికి దాన్ని మించిన చెయ్యి లేదు. ఎవరి మీద నేను జాలిపడ్డానో ఆవిడ నా మూడు తొమ్మిదుల్నీ మొదటి మూడు ముక్కల దగ్గరే ఓడించి కూర్చున్నారు. నన్ను కాపాడే ముక్కలు పదో ఏమో మిగిలాయి, బల్ల మీదున్న వాటిలో ఏదో ఒకటి జతపడాలి. పేకాటలో నా చెయ్యి ఓడిపోవాలని నేను కోరుకున్నది ఆ ఒక్కసారే. మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

మరిసోల్ ఆఖరి ముక్క తిప్పింది. డైమను ఆరు.

మూడు తొమ్మిదులు, రెండు ఆరులు, వరసని మించిన చెయ్యి. డబ్బంతా నా వైపు తోశారు.

ఆవిడ కోటు జిప్ పైకి లాక్కుని, మరిసోల్‌కి "థాంక్యూ" చెప్పి, టోపీ పెద్దాయన భుజం తట్టి వెళ్ళిపోయారు. ఎప్పుడూ వెళ్ళే వేళకే, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. నేను చిప్స్ టేబుల్ మీదే వదిలేసి పరిగెత్తాను. పార్కింగ్‌లో కారు తలుపు తీస్తుండగా పట్టుకున్నాను.

"ఆంటీ, మీ రెండు వందలు నేనిస్తాను. ఇది లెక్కలోకి రాదు. తప్పు నాది."

"నీ తప్పేముంది? ముక్క పడింది, గెలిచావు."

"ఆద్యతో నేను మాట్లాడతాను."

"ఒట్టు దాని మీద వేశాను, నీ మీద కాదు. నేనే చెప్పుకుంటాను."

"నా మాట విని పారేసి ఉంటే ఇవాళ మీ డబ్బు మీకు ఉండేది కదాంటీ" అన్నాను.

"ఏడూ ఎనిమిదీ చేతిలో పెట్టుకుని, తొమ్మిదీ ఆరూ అయిదూ చూసి పారేస్తానా? మా అత్తగారు పైనుంచి దిగొచ్చి తంతుంది." నవ్వబోయి ఆగిపోయారు. "పోనీలే వేణూ, డబ్బు సంగతి వదిలెయ్. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వంత పందెం వేశాక నేను ఆలోచిస్తూ కూర్చున్నాను చూడు, అప్పుడు నా దగ్గర ఏముండొచ్చు అనుకున్నావు?"

ఆవిడ చోట టోపీ పెద్దాయన ఉంటే ఏముండొచ్చో పది రకాలు లెక్కేసేవాణ్ణి. ఏడూ ఎనిమిదీ అందులో మొట్టమొదట ఉండేవి, ఆ మూడు ముక్కలు చూస్తే పసివాడికైనా తడుతుంది. ఆవిడ విషయంలో ఒక్కటీ లెక్కెయ్యలేదు.

"ఏమీ అనుకోలేదాంటీ" అన్నాను.

ఆవిడ తలూపారు. కారెక్కి, బెల్టు పెట్టుకుని, అద్దం కిందికి దించారు.

"రెండేళ్ళుగా నువ్వూ నేనూ ఆడుతున్నామనుకున్నాను" అని, గేరు వేసి, పిల్లల్ని ఎక్కించుకోవడానికి వెళ్ళిపోయారు.